నకలు వేరు, నకిలీ వేరు

గడచిన సంవత్సరము మన పాఠశాల వార్షికోత్సవమునకు ముందు జరిగిన చిత్రకళా ప్రదర్శనమునందు తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు ఇంగ్లండు రాజైన ఎనిమిదవ హెన్రీ రూపచిత్రమును పెద్ద అట్టపై రంగులలో వ్రాసి తెచ్చెను. చరిత్ర పుస్తకములోని అగ్గిపెట్టెయంత బొమ్మను చూచి, గళ్ళు గీసికొని, పెంచి, మూడువారములు శ్రమపడి చేసిన పని యది. వెడల్పైన భుజములు, ఎడముగా నిలిపిన కాళ్ళు, మెడలో బంగారు గొలుసు, బొచ్చు అంచుగల పైవస్త్రము, అన్నియు ఉన్నవి. ముఖము కొంత మన ఊరి పెద్దమనిషి ముఖమువలె వచ్చినమాట నిజమే. కాని ఆ నిలుకడలోని దర్పమును మాత్రము కుర్రవాడు పట్టుకొనగలిగెను. బహుమతుల నిర్ణయమునకు వచ్చిన పెద్దలు దాని యెదుట ఒక నిమిషము నిలిచి, "బాగున్నది గాని, ఇది నకలే గదా!" అని ముందుకు సాగిపోయిరి. పక్కబల్లపై నున్న చిత్రమునకు ప్రథమ బహుమతి వచ్చెను. రెండు కొండలు, వాని నడుమ సూర్యోదయము, ఒక కొబ్బరిచెట్టు, ఒక గుడిసె. ఆ కొండలను, ఆ కొబ్బరిచెట్టును నేను ఈ పాఠశాలలో చేరినది మొదలుకొని ఏటేట చూచుచునే యున్నాను. దానిని ఎవరును నకలనరు.

నిర్ణేతలను తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. వారు సహృదయులు, తమకు తోచిన న్యాయమును చేసిరి. కాని సభ ముగిసిన పిమ్మట ఆ బాలుడు నాయొద్దకు వచ్చి, "చూచి వేయడం తప్పా అండీ?" అని అడిగెను. అప్పటికి "తప్పు కాదులే, నాయనా" అని పంపివేసితిని. అది సమాధానము కాదని నాకును తెలియును, వానికిని తెలియును. ఆ సమాధానమును ఇప్పుడు మన పత్రికలో చెప్పదలచితిని. తల్లిదండ్రులును చదువుదురని ఆశించుచున్నాను. ఏలయన ఈ ప్రశ్న ఒక బాలుని బహుమతితో ముగియునది కాదు.

మొదట ఒక చిక్కు విప్పవలెను. ఆ బాలుడు చూచి వ్రాసిన పుస్తకములోని బొమ్మయే యొక నకలు! ఎనిమిదవ హెన్రీ యనగానే లోకమంతటికిని స్ఫురించు ఆ రూపమును తొలుత కల్పించినవాడు హాన్స్ హోల్బైన్ అను చిత్రకారుడు. ఇతడు జర్మనీదేశపు ఆగ్స్‌బర్గు పట్టణమున పుట్టి, స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున పనిచేసి, 1526లో ఒకసారియు 1532లో మరల ఒకసారియు లండనుకు వచ్చి, పరభాషల నడుమ జీవించి, 1543లో అచ్చటనే మరణించెను. 1537లో ఇతడు వైట్‌హాల్ రాజమందిరమునందు, రాజుగారి ఆంతరంగిక మందిరపు గోడపై నాలుగు నిలువెత్తు రూపములను చిత్రించెను. అవి హెన్రీయు, రాణి జేన్ సీమోరును, హెన్రీ తల్లిదండ్రులును. ఆ గోడయెదుట నిలిచినవారు రాజే తమయెదుట నిలిచియున్నట్లు జంకుచుండిరని ప్రసిద్ధి. 1698 జనవరిలో ఆ మందిరము అగ్నికి ఆహుతి యయ్యెను. ఆరవేసిన బట్టలనుండి నిప్పు రాజుకొన్నదని చెప్పుదురు. గోడతోబాటు హోల్బైన్ చిత్రమును బూడిద యయ్యెను.

మరి మన పుస్తకములోనికి ఆ బొమ్మ ఎక్కడనుండి వచ్చినది? అగ్నిప్రమాదమునకు ముప్పదియొక్క సంవత్సరములు ముందు, 1667లో, రెండవ చార్లెస్ రాజు రెమీజియస్ వాన్ లీంపుట్ అను చిత్రకారునిచేత ఆ గోడచిత్రమునకు చిన్న నకలొకటి వ్రాయించియుండెను. ఇతడును ఆంట్‌వెర్ప్ నగరమునుండి వచ్చి లండనులో స్థిరపడినవాడు; గొప్పవాడని పేరు పడినవాడు కాడు. బాహువులు రెండును చాచినంత వెడల్పైన లేని ఆ కాన్వాసు నేడు లేకుండినచో, ఆ గోడపై నలుగురు ఎట్లు నిలిచియుండిరో మనకు తెలియు మార్గము దాదాపు లేదు. హోల్బైన్ వాడుకొన్న కాగితపు నమూనాలో సగము మాత్రము మిగిలి, లండనులోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో నున్నది. దాని గీతల వెంబడి సూదితో పొడిచిన రంధ్రములున్నవి. మన ఇండ్లలో రంధ్రముల గొట్టముతో ముగ్గు దింపునట్లు, ఆ రంధ్రములగుండ బొగ్గుపొడి అద్ది గీతలను గోడపైకి దింపెడివారు. ఆ కాగితమునందు రాజు ముఖము ఒకప్రక్కకు కొంచెము తిరిగియున్నది; నకళ్ళలో తిన్నగా మనవైపే చూచుచున్నది. కాగితమునకును గోడకును నడుమ హోల్బైన్ మనసు మార్చుకొన్నాడన్న సంగతి నకళ్ళు మిగిలినందుననే మనకు తెలిసినది.

ఇదిగాక, హెన్రీ ఒక్కని రూపమునే వేరుగా తీసి వ్రాసిన నిలువెత్తు నకళ్ళు అనేకములు కలవు. లివర్పూలు నగరములోని వాకర్ చిత్రశాలయందొకటి, పెట్‌వర్త్, చాట్స్‌వర్త్ అను ప్రభుభవనములందు చెరియొకటి. రాజుపై తమకుగల భక్తి పదిమందికి కనబడుటకై ఆ కాలపు ప్రభువులు వీనిని వ్రాయించి తమ మందిరములలో వ్రేలాడదీసికొనిరి. పుస్తకములలో అచ్చగునది తరచుగా లివర్పూలు ప్రతియే. హోల్బైన్ స్వహస్తముతో వ్రాసినదని పండితులు సాధారణముగా అంగీకరించు హెన్రీ చిత్రము నేడు మాడ్రిడ్‌లోని థిస్సెన్ మ్యూజియములో నున్నది. అది 28 సెంటీమీటర్ల ఎత్తు, 20 సెంటీమీటర్ల వెడల్పుగల చిన్న పలక. మన విద్యార్థుల పలకంత. తక్కిన మహారాజంతయు నకళ్ళ చలువయే.

ఇక్కడ ఒక వినోదము చెప్పక మానలేను. హెన్రీ ధరించిన ఉక్కు కవచములు కొన్ని ఇప్పటికిని ఉన్నవి. వానిని కొలిచి చూచినవారు, చిత్రములో రాజు కాళ్ళు నిజమునకంటె చాల పొడుగుగా వ్రాయబడినవని తేల్చిరి. అనగా అబద్ధమాడినవాడు మూలకారుడు. నకలు వ్రాసినవాడు ఆ అబద్ధమును నిజాయితీగా చూచి వ్రాసినాడు!

మన భాషలో రెండు మాటలున్నవి: నకలు, నకిలీ. రెండును ఒకే అరబ్బీ ధాతువునుండి పుట్టి, ఉర్దూ, పారసీకముల మీదుగా మన కచేరీలలోనికి వచ్చి స్థిరపడినవి. అన్నదమ్ములవంటి మాటలే గాని, వాని నడవడి ఒకటి కాదు. దస్తావేజు నకలు తీసికొనుటకు రిజిస్ట్రారు కచేరీకి పోవుదుము. నకిలీ దస్తావేజు చేసినవాడు జైలుకు పోవును. నకలు "నేను ఫలానిదాని నకలును" అని ముఖముమీద చెప్పుకొనును. నకిలీ "నేనే అసలు" అనును. తేడా చేతిపనిలో లేదు, చెప్పుకొనుటలో నున్నది. నిర్ణేతలు "నకలే గదా" అన్నప్పుడు వారి నోట పలికినది నకలు, మనసులో మెదలినది నకిలీ.

ఇంతకంటె పాతమాట మనకు మరొకటి కలదు: ప్రతి. పుస్తకమునకు ప్రతి అనుటలో చిన్నతన మేమియు లేదు. నన్నయగారి చేతివ్రాతను మనలో ఎవ్వరును చూడలేదు, తిక్కనగారిదియు చూడలేదు. వారి కావ్యములు మనకు దక్కినవన్న, తరతరములుగా తాటాకులు చివికిపోకముందే మరొక తాటాకుపైకి ఎక్కించిన లేఖకుల వలననే దక్కినవి. తాను చూచినట్లే వ్రాసితిననియు, తప్పులున్నచో పండితులు మన్నింపవలెననియు ప్రతి చివర విన్నవించుకొనుట లేఖకుల వాడుక. తన పేరు, సంవత్సరము, తిథి వేసికొన్నవారును కలరు. చూడుడు, ఎంత చక్కని పద్ధతియో! గ్రంథము కవిది, ప్రతి తనది. రెండింటిని కలిపి మసకచేయలేదు. తెలుగునాటికి వెలుపల, తంజావూరు సరస్వతీమహలులో తెలుగు యక్షగానములు మిగిలినవన్న అట్టి చేతుల పుణ్యమే. పందొమ్మిదవ శతాబ్దమున బ్రౌను దొరగారు జీతములిచ్చి లేఖకులచేత వందల గ్రంథములకు ప్రతులు వ్రాయించినప్పుడు, ఆ లేఖకులను నకిలీగాండ్రని ఎవరైన అన్నారా?

చిత్రముల విషయమున ఈ మర్యాదను నియమముగా పాటించు చోట్లు నేటికిని కలవు. పారిస్ నగరములోని లూవ్ర్ మ్యూజియము 1793లో తెరచినప్పటినుండి చిత్రకారులను లోనికి రానిచ్చి, గోడపైనున్న చిత్రముల కెదురుగా నకళ్ళు వ్రాసికొననిచ్చుచున్నది. అనుమతిపత్రము తీసికొనవలెను. నకలు మూలముకంటె కనీసము అయిదవవంతు పెద్దదిగానో చిన్నదిగానో ఉండవలెను, సరిసమానముగా ఉండరాదు. మూలకారుని సంతకమును దింపరాదు. కాన్వాసు వెనుక మ్యూజియపు ముద్ర పడును. ఈ మూడింటితో నకలునకును నకిలీకిని నడుమ గోడ కట్టివేసిరి. కూడదని తరిమివేయలేదు, ఎట్లైన చేసికొమ్మని వదలివేయనులేదు. మన ప్రదర్శనములకు ఇంతకంటె మంచి పాఠము నాకు కనబడుట లేదు.

ఇదంతయు విని, నకలు వ్రాయుట మహాభాగ్యమని నేను చెప్పుచున్నానని తలపవలదు. అందులోని దైన్యమును కూడ చూడవలెను. మూడవ జార్జి రాజు పట్టాభిషేకపు వస్త్రములతో నున్న రూపచిత్రమును ఆలన్ రామ్సే అను స్కాట్లండు చిత్రకారుడు 1761, 62 ప్రాంతమున వ్రాసెను. బంగారు జరీ, పట్టు, తెల్లని బొచ్చు, నేలపై జీరాడు అంగవస్త్రము. చూచినవారి కన్ను చెదరును. రాజు సంతసించెను. అంతటితో రామ్సే కష్టములు ఆరంభమైనవి. ప్రతి రాయబారికిని, వలసదేశముల గవర్నరులకును, బంధువులైన రాజులకును రాజదంపతుల చిత్రములు జతలుగా కావలసివచ్చెను. చిత్రకారుని ఇల్లు రాజుల కార్ఖానా యయ్యెను. ఒకచోట తలలేని రాజు, ఒకచోట కాళ్ళులేని రాణి, గోడల పొడుగున ఆరుచున్న అంగవస్త్రములు. 1773లో రామ్సే నిచ్చెనమీదినుండి పడి కుడిచేతికి దెబ్బ తగిలి కుంచె పట్టలేనివాడయ్యెను. అప్పుడు ఆ భారము శిష్యుడైన ఫిలిప్ రైనాగిల్‌పై పడెను. ఒక్కొక్కటి పది గినీల చొప్పున యాబది జతల రాజారాణులను అతడు పూర్తిచేసెనని చెప్పుదురు. ఆ పని ముగియునప్పటికి అతనికి రాజముఖములపై ఎంత విసుగు పుట్టెననగా, రూపచిత్రములనే విడిచి కుక్కలను, పక్షులను, ప్రకృతి దృశ్యములను వ్రాయుటకు మరలెను. తరువాత ఆ పనిలోనే పేరు పొందెను.

రైనాగిల్‌ను తలచుకొన్నప్పుడెల్ల నాకు జాలి కలుగును. ఆ యాబది జతలలో అతని పేరున్నది ఎక్కడ? కచేరీ గోడపై వ్రేలాడు చిత్రము క్రింద రాజు పేరుండును. కొన్నిచోట్ల రామ్సే పేరుండును. చెన్నపట్టణపు సెంట్ జార్జి కోట మ్యూజియమునకు మన విద్యార్థులు విహారయాత్రలో పోవుచుందురు. అక్కడ ఆంగ్ల రాజుల, గవర్నరుల నిలువెత్తు తైలవర్ణ చిత్రములున్నవి. ఈసారి పోయినప్పుడు పటములోని దొర పేరు చదువుటతో ఆగక, వ్రాసినవాడెవడు, ఎదుట చూచి వ్రాసినాడా, మరొక పటమును చూచి వ్రాసినాడా అని అడిగి చూడుడు.

మూలము అనుకొన్నది మాత్రము ఒక్క చేతి పనియేనా? అదియును చాలచోట్ల కాదు. రామ్సే యౌవనమున లండనులో జోసెఫ్ వాన్ ఏకెన్ అను ఒకడుండెను. ముఖము వ్రాయుట ప్రసిద్ధ చిత్రకారుని వంతు. పట్టుచీరయు, మఖమలు కోటును, కుచ్చులును వ్రాయుట వాన్ ఏకెన్ వంతు. రామ్సే, హడ్సన్ మొదలైనవారు పలువురు తమ కాన్వాసులను అతనికే పంపెడివారు. 1749లో అతడు చనిపోయినప్పుడు లండను చిత్రకారులు దిక్కులేనివారై శవయాత్రలో ఏడ్చుచు పోవుచున్నట్లు హోగార్త్ ఒక హాస్యచిత్రము గీసెనట. కావున "ఇది నకలు, అది అసలు" అని వ్రేలు చూపుటకు ముందు ఆ అసలులో ఎన్ని చేతులున్నవో కూడ ఆలోచింపవలసియున్నది.

నేర్చుకొనుట మాటకు వత్తును. గెయిన్స్‌బరో అంతటివాడు, తన చేయి బాగుగా తిరిగిన వయసులో, వాన్ డైక్ వ్రాసిన స్టువర్ట్ సోదరుల నిలువెత్తు చిత్రమును నిలువెత్తుగానే చూచి వ్రాసెను. మూలము లండను నేషనల్ గ్యాలరీలో నున్నది. గెయిన్స్‌బరో నకలు అమెరికాలోని సెయింట్ లూయిస్ మ్యూజియములో నున్నది. ఆ నకలును ఎవరును అటకపైకి నెట్టలేదు. రూబెన్స్ 1628లో రాయబార కార్యముపై మాడ్రిడ్ పోయి, యాబదియొక్క ఏండ్ల వయసున, యూరపుఖండమంతట కీర్తి గడించిన పిమ్మట, పాఠశాల విద్యార్థివలె కూర్చుండి టీషియన్ చిత్రములకు నకళ్ళు వ్రాసెను. వానిలో అయిదవ చార్లెస్ చక్రవర్తియు, రాణి ఇసబెల్లయు కలిసియున్న రూపచిత్రమొకటి. టీషియన్ మూలము నేడు లేదు. రూబెన్స్ నకలే యున్నది. మన దేశమున రవివర్మ కథ మరొక తీరు. 1868లో తిరువనంతపురపు రాజమందిరమునకు వచ్చిన థియోడోర్ జెన్సన్ అను దొర తైలవర్ణముల మర్మమును నేర్పుటకు ఇష్టపడక, తాను వ్రాయుచుండగా చూచుటకు మాత్రము సమ్మతించెను. ఇరువదేండ్ల రవివర్మ చూచెను. చూచుటయే అతనికి బడి.

ఊరక చూచుటకును, చూచి వ్రాయుటకును మాత్రము హస్తిమశకాంతరము కలదు. మఖమలును పది నిమిషములు చూచినను "ఎర్రగా మెత్తగా నున్నది" అనుటకంటె ఎక్కువ చెప్పలేము. దానిని కుంచెతో దింపబూనినప్పుడు తెలియును: మఖమలు పట్టువలె నడుమ మెరయదు, మడత అంచున మెరయును, తక్కినచోట వెలుగును త్రాగివేయును. అందుచేత మొదట ముదురు రంగు పూసి, ఆరనిచ్చి, అంచులను మాత్రము లేతచేసి, అదియును ఆరిన పిమ్మట పలుచని ఎరుపును గాజుపూతవలె పైన పరచవలెను. అవిసెనూనెలో కలిపిన రంగు పొరపొరకు దినములకొలది ఆరును. తొందరపడినవాని మఖమలు బురదయగును. ముత్యమనగా తెల్లని చుక్క కాదు. బూడిదరంగు గుండ్రముపై ఒకవైపు చిన్న వెలుగు, రెండవవైపు క్రిందినుండి ఎగబ్రాకు మసక వెలుగు. చేతివ్రేళ్ళు అన్నిటికంటె కష్టము. ప్రభువుల చిత్తరువులలో ఇవన్నియు ఒక్కచోట దొరకును: చర్మము, పట్టు, బొచ్చు, ఉక్కు, జరీ, ముత్యము, చేయి. వారి సంపదతో మనకు పనిలేదు. వారు డబ్బిచ్చి వ్రాయించుకొన్న ఆ పాఠము మనకు ఉచితముగా దక్కినది.

ఒక తండ్రిగారు నాతో అనిన మాట న్యాయమైనది. "జమీందారీలు పోయి ఇన్నాళ్ళైనది. పరదేశపు ప్రభువుల మొగాలు మన పిల్లలెందుకు వేయాలి మాష్టారూ? మన రాయలవారి బొమ్మ వేయరాదా?" వేయవలెను, తప్పక వేయవలెను. కాని మన గోడలపై కనబడు రాయలవారి బొమ్మలలో చాలవానికి ఆధారమేదో తెలియునా? తిరుమల ఆలయ ద్వారము దాటగానే ప్రతిమామండపమున తిరుమలదేవి, చిన్నాదేవుల నడుమ చేతులు జోడించి నిలిచిన శ్రీకృష్ణదేవరాయల రాగిప్రతిమ. ఎత్తైన ఆ కుళ్ళాయి, ఆ నిలుకడ అక్కడివే. దానిని చూచి ఒకడు, వానిని చూచి మరొకడు, క్యాలెండరును చూచి వేరొకడు వ్రాయగా వ్రాయగా, మొగము గుండ్రనై, మీసము పెరిగి, ఇప్పటి బొమ్మ యైనది. రాయలవారి బొమ్మ వ్రాయు పిల్లవానిని క్యాలెండరు చూచి వ్రాయవద్దనియు, తిరుమల ప్రతిమ ఛాయాచిత్రమును ఎదుట పెట్టుకొమ్మనియు చెప్పుదును. నకలు చేసినచో మూలమునకు ఎంత దగ్గరగా పోగలమో అంత దగ్గరనుండి చేయవలెను. తల్లిభాషకు దూరముగా పెరుగుచున్న మన పిల్లలకు ఈ మాట బొమ్మల విషయమున చెప్పినను మరికొన్ని విషయములు తట్టకపోవు.

రెనాల్డ్స్ మహాశయుడు 1769లో లండను అకాడమీ విద్యార్థులతో ప్రసంగించుచు, చిత్రమును ఈ మూలనుండి ఆ మూలవరకు గ్రుడ్డిగా దింపుట బుద్ధిని నిద్రపుచ్చు శ్రమయని హెచ్చరించెను. ఇది నిజము. గళ్ళు గీసి, గడిలోని గీతను గడిలోనికి దించి, ఏమి దించుచున్నామో తెలియకయే ముగించినవారిని నేనెరుగుదును. ఆ దోషమునకు మందు నకలును మానుట కాదు. ముగించినవానిని నాలుగు ప్రశ్నలు అడుగుట. వెలుగు ఏ దిక్కునుండి వచ్చుచున్నది? ఈ చేయి ఇట్లేల ఉంచినాడు? మూలమున లేనిదేమైన నీవు చేర్చితివా? తెలియక వదలినదేమి? కొండలు కొబ్బరిచెట్టు వ్రాసినవానిని ఇట్టి ప్రశ్న లడిగినచో ఏమి చెప్పునో నాకు తెలియదు.

తల్లిదండ్రులకు మరొక మాట. ఈనాడు పాత ప్రభువుల చిత్తరువులకు చేతితో వ్రాసిన నకళ్ళు వ్యాపారవస్తువులైనవి. చైనాదేశమున షెన్జెన్ నగరములోని దాఫెన్ అను గ్రామమున 1989లో హాంకాంగు వర్తకుడొకడు కొద్దిమంది చిత్రకారులతో ఈ పని ఆరంభింపగా, పదిపదునైదు ఏండ్లలో అది వేలమందికి జీవనాధార మయ్యెను. ఒకడు ముఖములే, ఒకడు వస్త్రములే వ్రాయుట అక్కడను కలదు. రామ్సే ఇంటి పద్ధతియే. 2008 నాటి ఆర్థికమాంద్యముతో విదేశపు గిరాకి తగ్గగా ఆ ఊరు స్వదేశపు కొనుగోలుదారులవైపు తిరిగినది. ఆ చిత్రకారులను నేను తక్కువచేయను. వారి పని నకలని చెప్పియే అమ్మినంతకాలము అది గౌరవమైన కూలి. నాకు కోపము తెప్పించునది వేరొకటి. కంప్యూటరు యంత్రముతో కాన్వాసుపై అచ్చువేసి, పైన పారదర్శకమైన జిగురును కుంచెతో పులిమి, "చేతితో వ్రాసినది" అని అమ్ముట. ఇది నకిలీ. భూతద్దముతో చూచినచో సిరాచుక్కలు కనబడును. వెలుతురును ఒకప్రక్కనుండి పడనిచ్చి చూచినచో, కుంచె జాడలు ఒకదారి, బొమ్మ గీతలు ఒకదారి పోవుచుండును. నిజముగా చేతితో వ్రాసినదానిలో జాడయు గీతయు ఒక్కటియే. ఇంటిలోనికి పటము కొనుటకు పోయినప్పుడు పిల్లలను వెంట తీసికొనిపోయి వారిచేతనే పరీక్షింపజేయుడు.

చట్టము సంగతియు తెలిసియుండుట మంచిది. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము చిత్రకారుడు గతించిన పిమ్మట అరువది ఏండ్లు అతని చిత్రములపై హక్కు నిలుచును. హోల్బైన్, వాన్ డైక్, 1906లో గతించిన రవివర్మ – వీరి చిత్రములకు నకలు వ్రాయుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. జీవించియున్న చిత్రకారుని పటమును చూచి వ్రాసి అమ్మబోవుట వేరు.

ఇక నా కోరిక. రాబోవు ప్రదర్శనమునందు నకళ్ళకు వేరుగా ఒక బల్ల వేయుదము. దానికి వేరుగా ఒక బహుమతి ఉంచుదము, చిన్నదైనను సరే. బల్లపైకి ఎక్కు ప్రతి చిత్రము క్రిందను మూడు పంక్తుల చీటి ఉండవలెను: మూలము ఎవరిది, అది ఇప్పుడెక్కడ నున్నది, చూచి వ్రాసినవారెవరు. మూలము నశించియున్నచో ఎప్పుడు ఎట్లు నశించినదో, తాను ఏ ప్రతిని చూచెనో వ్రాయవలెను. ఆ మూడు పంక్తులు వ్రాయుటకు విద్యార్థి గ్రంథాలయమునకు పోవలసివచ్చును. అదియే నాకు కావలసినది. కొండలు కొబ్బరిచెట్లు వ్రాయువారు ఏ బల్లపై పెట్టుదురో వారినే తేల్చుకొననిత్తము.

హెన్రీని వ్రాసిన బాలుడు ఇప్పుడు పదవ తరగతికి వచ్చినాడు. లివర్పూలు ప్రతి యొక్క పెద్ద ఛాయాచిత్రమును సంపాదించి, అదే బొమ్మను మొదటినుండి మరల వ్రాయుచున్నాడు. ఈసారి తైలవర్ణములతో, కాన్వాసుపై, మధ్యాహ్నపు భోజన విరామములలో, డ్రాయింగు గదిలో. చీటి ముందే వ్రాసి కాన్వాసు వెనుక అంటించినాడు. అందులో వాన్ లీంపుట్ పేరు ఎందుకని అడుగగా, "ఆయన వేయకపోతే మిగతా ముగ్గురు ఎవరో తెలిసేది కాదు కదండీ" అన్నాడు. బొచ్చు అంచు బాగుగా వచ్చినది. చేతివ్రేళ్ళు ఇంకను కుదరలేదు. నిన్నటికి మూడవసారి తుడిచి వేసినాడు.